గల్లా, తాళం, గ్యాసు: మొదటి ముగ్గురిని పనిలో పెట్టుకునేటప్పుడు

హన్మకొండ చౌరస్తాలోనో వరంగల్ స్టేషన్ రోడ్డులోనో కొత్తగా షట్టర్ కిరాయికి తీసుకున్నవాళ్లు ముందు అడ్వాన్స్ సంగతి చూస్తారు, తర్వాత ర్యాకులు, లైట్లు, ఆ తర్వాత ఫ్లెక్సీ. దుకాణంలో నిలబడే మనిషి కావాలన్న సంగతి ముహూర్తం రెండు రోజులుందనగా గుర్తొస్తుంది. ఇక ఫోన్లు మొదలు. "అన్నా, నీ ఎరుకల ఎవరన్న మంచి పోరగాడు ఉన్నడా?" ఎవరో ఒకరు దొరుకుతారు. మరునాటి నుంచే గల్లా పెట్టె, షట్టర్ తాళం, గ్యాసు పొయ్యి, ఉద్దెర ఖాతా, కస్టమర్ల ఫోన్ నంబర్లు అన్నీ అతని చేతికి పోతాయి. అతని ఇంటిపేరు అప్పటికింకా యజమానికి తెలియదు.

ముగ్గురే ఉన్న చోట ఒక్కరు తప్పుగా దొరికినా సంస్థలో మూడో వంతు పాడైనట్టే. అందుకే ఈ చేయవలసినవి, చేయకూడనివి. ఇవి కేవలం దొంగతనం నుంచి యజమానిని కాపాడే జాగ్రత్తలు కావు. సగం జాగ్రత్తలు పనిలోకి వచ్చిన మనిషి కోసం.

వెతికేటప్పుడు

చేయండి: మనిషి కోసం కనీసం నెల ముందు నుంచి వెతకండి. ఏ పని, ఎన్ని గంటలు, ఎంత జీతం, వారానికి ఏ రోజు సెలవు అన్నది ముందు ఒక కాగితం మీద రాసుకోండి. అది రాయలేకపోతున్నారంటే మీకు ఎలాంటి మనిషి కావాలో మీకే ఇంకా తేలలేదు. అప్పుడు ఎవరొచ్చినా నచ్చుతారు, నెల తిరిగేసరికి ఎవరూ నచ్చరు.

వెతకడానికి ఈ ఊళ్లో చోట్లకు కొదవ లేదు. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, ఏసీ మెకానిక్ కావాలంటే ప్రభుత్వ ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లో అడగండి. ఉపాధి కల్పన కార్యాలయం ఉంది, రాష్ట్ర ప్రభుత్వం నడిపే డీట్ యాప్ ఉంది. వీటన్నిటికంటే పాత పద్ధతి ఒకటి ఇప్పటికీ బాగా పనిచేస్తుంది: అదే పని చేసే మంచి మనిషిని "నీలాంటి వాళ్లు ఇంకెవరున్నరు?" అని అడగడం. మంచి కట్టింగ్ మాస్టర్‌కు మరో మంచి కట్టింగ్ మాస్టర్ ఎక్కడున్నాడో తెలుసు. అతని చేతిలో పాడైన గుడ్డలెన్నో కూడా తెలుసు.

చేయకండి: అందరినీ ఒకే ఇంటి నుంచో ఒకే ఊరి నుంచో తేవద్దు. బావమరిది గల్లా మీద, అతని తమ్ముడు గోదాములో, వాళ్ల చిన్నాన్న కొడుకు డెలివరీ మీద ఉంటే మొదట్లో హాయిగానే ఉంటుంది. ఆ ఇంట్లో పెళ్లయితే దుకాణం మూతే. మేడారం జాతర వచ్చిన ఏడాది ఈ ఇబ్బంది మరీ కనిపిస్తుంది. రెండేళ్లకోసారి నాలుగు రోజులు ఊరికి ఊరే సమ్మక్క–సారలమ్మ గద్దెల దారి పడుతుంది. ఒకే ఊరి మనుషులతో నడిచే హోటల్‌లో ఆ నాలుగు రోజులూ పొయ్యి వెలగదు, వరంగల్ మీదుగా పోయే జనమేమో ఆ రోజుల్లోనే ఎక్కువ. ఇంకో ముప్పు కూడా ఉంది. అందరూ చుట్టాలే అయినప్పుడు ఒకరు చేసిన తప్పు మరొకరి నోట మీ దాకా రాదు.

కులం చూసి పెట్టుకునే అలవాటు గురించి నీతులు చెప్పను. వ్యాపారం మాటే చెప్తాను. "మనోడు" అనే జల్లెడ పట్టినప్పుడు మీకు దొరికేది మీ పరిచయాల్లో ఖాళీగా ఉన్నవాళ్లు. పని తెలిసినవాళ్లు ఆ జల్లెడకు అవతలే ఉండిపోతారు.

ఇప్పుడు మనుషులు దొరకడం కష్టమైన మాట నిజమే. గీసుకొండ, సంగెం మండలాల్లో వచ్చిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబర్‌లో శంకుస్థాపన జరిగింది. కైటెక్స్, యంగ్‌వన్ లాంటి పెద్ద కంపెనీలు అక్కడికి వచ్చాయి. కుట్టు మిషన్ మీద చేయి తిరిగిన అమ్మాయికి అక్కడ పీఎఫ్, ఈఎస్ఐ ఉంటాయి. గిర్మాజీపేటలో నాలుగు మిషన్లు పెట్టుకున్న చిన్న టైలరింగ్ యూనిట్ జీతంలో వాటితో పోటీ పడలేదు. పోటీ పడగలిగింది వేరే ఉంది: ఇంటికి దగ్గర, పిల్లల బడి వేళకు తగ్గ సమయం, నెల మొదట్లో తప్పకుండా చేతికొచ్చే జీతం. ఈ మూడూ ఇవ్వగలిగితే ధైర్యంగా అడగండి, మనుషులు వస్తారు.

మాట్లాడేటప్పుడు, చూసేటప్పుడు

చేయండి: మాటలు తగ్గించి పని చేయించి చూడండి. టిఫిన్ సెంటర్‌కు మాస్టర్ కావాలంటే ఒక పూట వంట చేయించండి. దోసె రుచి ఎలాగూ తెలుస్తుంది. చూడాల్సింది ఇంకా ఉంది: పొయ్యి వెలిగించే ముందు గ్యాసు వాసన చూశాడా, ఉల్లిపాయ కోసిన చేతిని కడుక్కున్నాడా తుడుచుకున్నాడా, మిగిలిన పిండిని ఏం చేశాడు, కింద పనిచేసే పిల్లగాడితో ఎలా మాట్లాడాడు. టైలర్‌కైతే కస్టమర్ బట్ట ఇవ్వొద్దు, మీ డబ్బుతో కొన్న గుడ్డ ఇవ్వండి. ఎన్ని గంటలు చేయించి చూశారో ఆ కూలి ఇచ్చి పంపండి, పెట్టుకున్నా పెట్టుకోకపోయినా. "ట్రయల్" పేరుతో వారానికి ఒకరి చేత ఉచితంగా పని చేయించుకునే దుకాణాలున్నాయి. వాటి పేర్లు అడ్డా మీద అందరికీ తెలుసు.

పాత యజమానికి ఫోన్ చేయండి. "మంచోడేనా?" అని అడిగితే "మంచోడే" అంటారు. "మళ్లీ వస్తే పెట్టుకుంటరా?" అని అడగండి. జవాబుకు ముందు వచ్చే ఆ రెండు క్షణాల మౌనంలో చాలా తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త: జీతం బాకీ పెట్టిన యజమాని తన పాత మనిషి గురించి మంచి చెప్పడు. అందుకే ఆ మనిషిని కూడా ఎందుకు మానేశావని అడిగి, రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆ మనిషి కూడా మీ గురించి వాకబు చేస్తాడు, "ఈ సేటు టైంకి జీతమిస్తడా?" అని. చేయనివ్వండి.

కొన్ని పనులకు సర్టిఫికెట్టే ప్రాణం. మెడికల్ షాపు అందులో మొదటిది. ఎంజీఎం ఆస్పత్రి చుట్టూ రాత్రింబవళ్లు తెరిచి ఉండే మందుల దుకాణాలను ఈ ఊరివాళ్లందరూ చూసే ఉంటారు. 1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం డాక్టరు చీటీ మీద మందు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే. సర్టిఫికెట్‌ను నెలకింత అని అద్దెకు తెచ్చి గోడకు వేలాడదీసి, కౌంటర్‌లో ఇంటర్ తప్పిన కుర్రాణ్ని నిలబెట్టడం చేయకూడని పనుల్లో చేయకూడనిది. ఒకే రకంగా వినిపించే రెండు మందుల పేర్ల మధ్య ఆ కుర్రాడు తడబడితే పోయేది ఒక ప్రాణం.

డ్రైవర్, డెలివరీ మనిషి విషయంలో లైసెన్సును కళ్లతో చూస్తే సరిపోదు. రవాణా శాఖ యాప్‌లో నంబరు కొట్టి, చెల్లుబాటులో ఉందా, మీ బండి రకానికి సరిపోతుందా అని చూసుకోండి. లైసెన్సు లేని చేతికి బండి ఇచ్చి ప్రమాదం జరిగితే, బీమా కంపెనీ ముందు పరిహారం కట్టినా ఆ డబ్బు మీ దగ్గర వసూలు చేస్తుంది. పద్దెనిమిది నిండని వాడికి ఇస్తే బండి యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు.

తినుబండారాల వ్యాపారమైతే వంట చేసేవాళ్లకు, వడ్డించేవాళ్లకు ఏటా వైద్య పరీక్ష చేయించి సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోవాలని ఆహార భద్రతా నిబంధన. చాలామంది దీన్ని ఇన్‌స్పెక్టర్ కోసం చేసే పని అనుకుంటారు. టైఫాయిడ్ మోసే మనిషి చట్నీ కలుపుతున్నాడని ఇన్‌స్పెక్టర్‌కు కాదు, మీకు తెలియాలి.

కాగితం

దుకాణం తెరిచిన 30 రోజుల్లోపు దుకాణాలు, సంస్థల చట్టం కింద కార్మిక శాఖలో రిజిస్టర్ చేయించాలి. 1988 నాటి ఆ రాష్ట్ర చట్టం ప్రకారం దుకాణంలో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పని. వరుసగా ఐదు గంటలు చేశాక గంట విరామం, వారానికో రోజు సెలవు. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు కేంద్ర కార్మిక స్మృతులు కూడా అమల్లోకి వచ్చాయి. నియామక పత్రం ఇవ్వడం ఇప్పుడు మర్యాద కాదు, బాధ్యత.

చేయండి: తెలుగులో, ఒకే పేజీలో నియామక పత్రం రాయండి. పేరు, పని, జీతం, జీతం ఇచ్చే తేదీ, పని వేళలు, సెలవు, మానేయాలన్నా మాన్పించాలన్నా ఎన్ని రోజుల ముందు చెప్పాలి. ఇద్దరూ సంతకాలు పెట్టి చెరో కాపీ తీసుకోండి. జీతం బ్యాంకు ఖాతాకే వేయండి. ఏడో తేదీ దాటించవద్దు, నెలజీతానికి చట్టం పెట్టిన గడువే అది. కనీస వేతనంలోని కరువు భత్యం ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో మారుతుంది. ఆ రెండు నెలల్లో కొత్త రేటు ఎంతో కనుక్కోండి.

ఒక ఫైలులో ఆధార్ కాపీ, ఫొటో, ఇంటి అడ్రసు, ఇంటివాళ్లలో ఇద్దరి ఫోన్ నంబర్లు, రక్తం గ్రూపు పెట్టండి. ఆధార్ మొదటి ఎనిమిది అంకెలు కనిపించని కాపీ చాలు. "ఉద్యోగం కోసం" అని దాని మీదే రాయించండి. ఇంటివాళ్ల నంబర్లు తీసుకున్నప్పుడే ఫోన్ చేసి, అవి పనిచేస్తున్నాయో లేదో చూడండి. బీహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చిన మనిషికి ఏదైనా అయితే ఎవరికి చెప్పాలో తెలియక ఎంజీఎం వరండాలో నిలబడే యజమానులున్నారు.

చేయకండి: ఒరిజినల్ సర్టిఫికెట్లు మీ బీరువాలో పెట్టుకోవద్దు. పదో తరగతి మెమో పెట్టుకుంటే మనిషి పారిపోడని చాలామంది నమ్మకం. పారిపోవాలనుకున్న వాడు డూప్లికేట్‌కు అప్లై చేసుకుంటాడు. ఉండాలనుకున్న వాడేమో మొదటి రోజే మిమ్మల్ని అనుమానిస్తాడు. ఖాళీ చెక్కు, ఖాళీ ప్రామిసరీ నోటు కూడా అంతే. పైగా ఆ కాగితాలు కోర్టుకెక్కితే బోనులో నిలబడేది మీరే. డిపాజిట్ అసలు అడగొద్దు. మీ దుకాణం పేరు చెప్పి ఇంకెవరైనా "ఉద్యోగం ఇప్పిస్తా" అని డబ్బు వసూలు చేస్తున్నట్టు తెలిస్తే వెంటనే పోలీసులకు చెప్పండి.

నచ్చినవాణ్ని పెట్టుకున్నాక ఐదో నెలలో ఒకసారి ఆగి ఆలోచించండి. ఈ లెక్క ఊరికే చెప్పడం లేదు. ఆరు నెలలు వరుసగా పనిచేసిన మనిషిని సరైన కారణం లేకుండా, నెల ముందు రాతపూర్వకంగా చెప్పకుండా, లేదా ఆ నెల జీతం ఇవ్వకుండా తీసేయడానికి మన రాష్ట్ర చట్టం ఒప్పుకోదు. ఏడాది దాటితే ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం కూడా ఇవ్వాలి. పనికిరాడని తేలిన మనిషిని మొహమాటానికి తొమ్మిది నెలలు భరించి, ఒక రాత్రి కోపంలో పొమ్మనడం మన ఊళ్లో యజమానులు తరచూ చేసే పొరపాటు. ఆ మొహమాటం ఆ మనిషికీ మేలు చేయదు.

గల్లా, తాళం, ఫోను

లెక్క లేని చోట దొంగ దొరకడు. అంతకంటే ఘోరం, దొంగ కానివాడు బయటపడడు. సాయంత్రం గల్లాలో 800 తక్కువైతే, అసలు ఉదయం ఎంత పెట్టారో రాసి లేకపోతే, అనుమానం అక్కడున్న అందరి కంటే పేదవాడి మీదికే పోతుంది. ఎన్ని దుకాణాల్లో చూసినా ఇదే తీరు. అందుకే రోజు లెక్క యజమాని సొమ్ముకు ఎంత కాపలానో, పనివాడి పరువుకు అంతకు రెండింతల కాపలా.

చేయండి: పొద్దున గల్లాలో ఎంత చిల్లరతో మొదలుపెట్టారో రాసి ఇద్దరూ పొట్టి సంతకం పెట్టండి. రాత్రి నగదు, యూపీఐ, ఉద్దెర, ఖర్చు – నాలుగూ కలిపి అమ్మకంతో సరిచూడండి. పది నిమిషాల పని. సరుకు తెప్పించేవాడు, సరుకు దించుకుని లెక్కపెట్టేవాడు, డబ్బు కట్టేవాడు ఒకే మనిషి కాకుండా చూడండి. ముగ్గురే ఉంటే ఆ మూడో పని మీరు చేయండి. ఎనుమాముల మార్కెట్‌లో కాంటా పెట్టే దడ్వాయి వేరు, బస్తా ఎత్తే హమాలీ వేరు, చిట్టా రాసే గుమాస్తా వేరు. తూకం, మోత, రాత ఒకే చేతిలో ఉంటే ఏమవుతుందో మిర్చి వ్యాపారికి చెప్పనవసరం లేదు. అంత పెద్ద మార్కెట్‌కు పనికొచ్చిన పద్ధతి మీ కిరాణా దుకాణానికీ పనికొస్తుంది.

కౌంటర్ మీద అంటించిన క్యూఆర్ కోడ్‌ను రోజూ షట్టర్ తీయగానే మీ ఫోన్‌తో స్కాన్ చేసి ఎవరి పేరు వస్తుందో చూడండి. స్టిక్కర్ మీద స్టిక్కర్ అంటించడం ఇప్పుడు జరుగుతున్న మోసం. అది లోపలివాళ్లే చేయాలని లేదు, బయట నుంచి వచ్చిన వాళ్లూ చేస్తారు. సౌండ్ బాక్స్ మోగితేనే డబ్బు వచ్చినట్టు. కస్టమర్ ఫోన్‌లో చూపించే స్క్రీన్‌ను నమ్మి సరుకు ఇచ్చిన పిల్లగాడి జీతంలోంచి ఆ డబ్బు కోయకండి. అలా నమ్మొద్దని అతనికి ముందే చెప్పాల్సింది మీరు.

చేయకండి: జీఎస్టీ లాగిన్, డిజిటల్ సంతకం, బ్యాంకు ఓటీపీ వచ్చే సిమ్ అకౌంటెంట్ దగ్గర వదిలేయవద్దు. సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు డ్రాయర్‌లో పెట్టి ఊరికి పోవద్దు. రిటర్నులు వేసేది ఆయనే కావచ్చు, నోటీసు వచ్చేది మాత్రం మీ పేరు మీద.

మొబైల్ రిపేరు దుకాణం పెట్టేవాళ్లకు ఒక మాట. మీ టెక్నీషియన్ చేతికి వచ్చేది ఫోన్ ఒక్కటే కాదు, అందులో ఒక ఇంటి ఫొటోలన్నీ ఉంటాయి. స్క్రీన్ మార్చడానికి లాక్ ప్యాటర్న్ అవసరం లేదు, అడగవద్దని చెప్పండి. అవసరమైన పనులకు కస్టమర్ ముందే తెరిపించి, ముందే మూయించండి. పని బల్ల మీద కెమెరా పెట్టండి. ట్రయల్ రూములో, మరుగుదొడ్డి వైపు, పనివాళ్లు బట్టలు మార్చుకునే చోట మాత్రం కెమెరా పెట్టడం నేరం, ఎంత మంచి ఉద్దేశంతో పెట్టినా సరే.

అడ్వాన్స్

హోటల్ నడిపేవాళ్లను అడిగితే వాళ్ల గోడంతా దీని గురించే. మాస్టర్ వస్తాడు. "సేటు, బిడ్డ పెండ్లి ఉంది, యాభై వేలు ఇయ్యి, నెలనెలా కట్ చేసుకో" అంటాడు. ఇస్తారు. రెండు నెలలకు ఫోన్ స్విచాఫ్. కాజీపేట స్టేషన్‌లో రైలెక్కి ఎటు పోయాడో తెలియదు. ఇక్కడ రెండు వైపులా జాగ్రత్త కావాలి. చేరిన వెంటనే పెద్ద మొత్తం ఇవ్వవద్దు. మూడు నెలలు దాటాక, నెల జీతానికి మించకుండా, ఖాతా ద్వారా, రాసుకుని ఇవ్వండి. ఎన్ని నెలల్లో ఎంతెంత కోస్తారో ముందే తేల్చండి. అన్ని కోతలూ కలిపినా ఆ నెల జీతంలో సగం దాటకూడదు.

అవతలి వైపు ఇంకా ముఖ్యం. ఇచ్చిన అడ్వాన్స్ తీరేదాకా మనిషిని కదలనివ్వకుండా పని చేయించుకుంటే అది 1976 నాటి చట్టం చెప్పే వెట్టిచాకిరీ కిందికి వస్తుంది, మూడేళ్ల వరకు జైలు. "నా డబ్బే కదా" అన్న మాట అక్కడ చెల్లదు. బాకీ వసూలుకు కోర్టు ఉంది, మనిషిని ఆపడానికి దారి లేదు.

ప్రాణం

2018 జూలై 4న వరంగల్ కాశిబుగ్గ దగ్గర, కోటిలింగాల ప్రాంతంలో బాణసంచా గోదాము పేలిపోయింది. అక్కడ పనిచేస్తున్న వాళ్లలో కనీసం పది మంది చనిపోయారు. 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ బోయిగూడలో తుక్కు గోదాముకు నిప్పంటుకుని, పై అంతస్తులో నిద్రపోతున్న 11 మంది బీహార్ కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఎక్కడ పనిచేయాలో, ఎక్కడ పడుకోవాలో పనివాళ్లు ఎంచుకోలేదు. ఆ చోటు చూపించింది పనిలో పెట్టుకున్నవాళ్లు.

చేయండి: పనిలో చేరిన మొదటి రోజు మొదటి గంట ఇందుకే కేటాయించండి. మెయిన్ స్విచ్ ఎక్కడుంది, గ్యాసు రెగ్యులేటర్ ఎలా ఆపాలి, మంటలార్పే సిలిండర్ పిన్ను ఎలా లాగాలి, బయటికి రెండో దారి ఏది. చెప్పి ఊరుకోక, చేయించి చూడండి. గ్యాసు సిలిండర్ మార్చే పని ఎవరిదో ఒకరి పేరు చెప్పండి, ఆ మనిషి లేనప్పుడు మీరే మార్చండి. హోటల్‌కు 19 కిలోల కమర్షియల్ సిలిండరే వాడాలి. ఇంటి సిలిండర్‌తో నడిపే పొయ్యి దగ్గర ప్రమాదం జరిగితే బీమా కంపెనీ కూడా చేతులెత్తేస్తుంది.

చేయకండి: రాత్రి కాపలా పేరుతో పనివాణ్ని దుకాణం లోపల పడుకోబెట్టి బయట నుంచి షట్టర్‌కు తాళం వేయవద్దు. మన బజార్లలో ఇది అలవాటుగా జరుగుతోంది. కాలిన వైరు వాసనకు లేచిన మనిషి లోపల నుంచి షట్టర్ కొడుతుంటే వినేవాళ్లు ఆ వేళలో ఎవరూ ఉండరు. వలస కూలీలకు గోదాము మీదే గది ఇవ్వక తప్పకపోతే, కింద మండే సరుకు ఉండకూడదు. దిగడానికి రెండో మెట్లు ఉండాలి. కిటికీకి తెరుచుకునే గ్రిల్ ఉండాలి. ఈ మూడూ లేని గది ఎంత చవకగా వచ్చినా వద్దనండి.

పిల్లల విషయంలో వాదన అనవసరం. 14 ఏళ్ల లోపు వారిని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు, 18 లోపు వారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకోకూడదు. 20,000 నుంచి 50,000 దాకా జరిమానా, ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు. జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో పోలీసులు ఏటా తనిఖీ చేస్తారు. "వాళ్ల అమ్మే తెచ్చి పెట్టింది సార్" అని చెప్పే యజమానులు ప్రతి తనిఖీలోనూ ఉంటారు. వయసు మీద అనుమానం వస్తే పుట్టిన తేదీ సర్టిఫికెట్ చూసేదాకా పెట్టుకోవద్దు.

ఆడవాళ్లు పనిచేసే చోట మొదట చూడాల్సింది మరుగుదొడ్డి. లోపల గొళ్లెం పడేది. పక్క హోటల్‌కు పోయి రమ్మనడం ఏర్పాటు కాదు. రాత్రి పొద్దుపోయాక పని ఉంటే ఆమె రాతపూర్వక సమ్మతి, ఇంటి దాకా వాహనం, ఇంటికి చేరినట్టు ఫోన్. పది మంది, అంతకు మించి ఉంటే వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ వేయాలి. పది కంటే తక్కువ ఉంటే జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. ఆ సంగతి ఆమెకు మీరే చెప్పండి. ఫిర్యాదు మీ మీదే అయినా ఎక్కడికి పోవాలో ఆమెకు తెలిసి ఉండాలి. ఇంకో మాట. పాత బట్టల దుకాణాల్లో తెల్లటి పరుపు మీద అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ కూర్చునేవారు. ఇప్పటి అంతస్తుల మాల్స్‌లో చీరలు చూపించే అమ్మాయిలు పొద్దస్తమానం నిలబడే ఉంటారు. కూర్చోవడానికి ఆసనం ఇవ్వాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టమే చేశాయి. మన దగ్గర చట్టం వచ్చేదాకా ఎందుకు, ఒక స్టూల్ కొనండి.

తెగినప్పుడు

సొమ్ము పోయిందని తేలితే ముందు సరుకు, నగదు ఇద్దరు సాక్షుల ముందు లెక్కపెట్టించి రాయించండి. ఆ మనిషి చెప్పేది విని అదీ రాయండి. అతని సంజాయిషీ వినకుండా నష్టం పేరుతో జీతం కోయడం చెల్లదు. నమ్మకం కుదరకపోతే ఠాణాలో ఫిర్యాదు ఇవ్వండి.

చేయకండి: గదిలో పెట్టి గొళ్లెం వేయవద్దు. కొట్టవద్దు. సీసీ కెమెరా ముక్కను "దొంగను గుర్తుపట్టండి" అని వాట్సాప్ గ్రూపుల్లో తిప్పవద్దు. కులం పేరెత్తి తిడితే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించవచ్చు. అప్పుడు ఫిర్యాదు చేయాల్సిన మీరే నిందితులవుతారు. ఫిర్యాదుకు వచ్చి ముద్దాయిగా మిగిలిన యజమాని ఈ ఊరికి కొత్త కాదు.

మంచిగా మానేస్తున్న మనిషికైనా, మీరే తీసేస్తున్న మనిషికైనా రెండు పనిదినాల్లోపు లెక్క తేల్చి ఇవ్వాలని కొత్త స్మృతి చెబుతోంది. ఆ రోజే తాళాలు, పాస్‌వర్డులు, సీసీ కెమెరా యాప్, సప్లయర్ల గ్రూపు అన్నీ మార్చండి. పనిచేసినట్టు సర్టిఫికెట్ ఇవ్వండి. బాకీ పెట్టి పంపిన మనిషి అడ్డా మీద నాలుగు మాటలు చెప్తాడు, మీకు తర్వాత దొరికే నలుగురు ఆ మాటలు విన్నాకే వస్తారు.

చివరగా బీమా. పది మంది, అంతకు మించి ఉంటే 21,000 లోపు జీతగాళ్లకు ఈఎస్ఐ, ఇరవై మంది, అంతకు మించి ఉంటే పీఎఫ్ ఎలాగూ కట్టాలి. ముగ్గురే ఉన్న దుకాణంలో ఈ రెండూ వర్తించవు. అయినా పనిలో గాయపడితే పరిహారం బాధ్యత యజమాని నెత్తి మీదికే వస్తుంది, దానికి సాధారణ బీమా కంపెనీల్లో ఉద్యోగుల పరిహార పాలసీ దొరుకుతుంది. అది తీసుకోండి. దాంతోపాటు ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఉంది. 18 నుంచి 70 ఏళ్ల వారికి ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే ఇంటివాళ్లకు 2 లక్షలు. ఆ బీమా ఏడాది జూన్ 1న మొదలై మే 31న ముగుస్తుంది. మే నెలాఖరుకు మీ ముగ్గురి ఖాతాల్లో ఆ 20 రూపాయలు ఉన్నాయో లేదో ఒకసారి అడగండి, లేకపోతే మీరే వేయండి.